కత్తెర పడిన చొక్కా

"అయ్యా, పొద్దు పొడిచినకాడి నుంచి పనే చేస్తున్న. ఒక్కటీ ఒడుస్తలేదు. ఇంకెట్ల చెయ్యాలె?" అని మణెమ్మ మా గురువుగారిని అడిగిన రోజు నేను ఆయన కొట్టులోనే బెంచీ మీద కూర్చుని ఉన్నాను.

మా గురువు నాంపల్లయ్య గారు మేర వారు. బట్టలు కుట్టడం వాళ్ళకు తాతల నాటి వృత్తి. ఆదివారం సాయంత్రం మాకు తత్త్వం చెబుతారు, మిగతా ఆరు రోజులూ బస్టాండు వెనక కొట్టులో మిషను తొక్కుతారు. తత్త్వం ఈ రెంటిలో ఎక్కడ ఎక్కువ చెబుతారో నాకిప్పటికీ తేలలేదు. అందుకే పని లేనప్పుడు నేను కొట్టుకు కూడా పోతుంటాను.

మణెమ్మ మా వాడలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద దిక్కు. నాలుగు అక్షరాలు వచ్చినందుకు అందరి దరఖాస్తులూ ఆమే రాయాలి. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, పిల్లకు హాస్టల్ సీటు కావాలన్నా కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెడతారు. "పెట్టిపో అక్కా, చేస్త" అంటుంది తప్ప ఎవరినీ కాదనదు. అప్పటికప్పుడు పేరూ ఊరూ రాసి, వాళ్ళ కళ్ళ ముందే సంచిలో వేసుకుంటుంది. కిందంతా ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు సంచిలో అలాంటివి పద్నాలుగున్నాయి. వాటిలో రాజవ్వ కూతురి గురుకులం సీటు కాగితం ఒకటి. అది వచ్చి పన్నెండు రోజులైంది, గడువేమో ఎల్లుండే. రాజవ్వ బీడీలు చుట్టి బతికే మనిషి. ఆ సీటు రాకపోతే పిల్ల కూడా తల్లి పక్కనే చాట ముందేసుకుని కూర్చోవలసిందే. అది తెలిసే మణెమ్మ మొహం పీక్కుపోయింది, కళ్ళ కింద నల్లబడింది. నిజం చెప్పాలంటే, ఆమెను చూస్తే నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

గురువుగారు మిషను తొక్కుతూనే ఉన్నారు. అడగ్గానే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఇంతలో ఒకాయన ప్యాంటు గుడ్డ పట్టుకుని వచ్చాడు. గురువుగారు గోడకేసి చూపించారు. అక్కడ మూడే మేకులు ఉన్నాయి, మూడింటికీ గుడ్డలు వేలాడుతున్నాయి.

"మేకు ఖాళీ లేదు. ఒకటి కుట్టినంక రా. తొందరుంటే ఎదురుంగ యాదగిరి ఉన్నడు, మంచి చెయ్యి."

"కొలతలన్న తీస్కో పెద్దాయనా. గుడ్డ ఈడ పెట్టిపోత."

"వద్దు. తీస్కపో."

ఆయన గొణుక్కుంటూ ఎదుటి కొట్టుకు పోయాడు. మణెమ్మకు నమ్మబుద్ధి కాలేదు. "దుకాణానికొచ్చిన గిరాకీని పంపిస్తిరి?" అంది. అప్పుడు గురువుగారు మిషను ఆపారు.

"నేను వయసుల ఉన్నప్పుడు ఈ గోడకు మేకులు లేవు బిడ్డా. కిందంత మూటలే" అని మొదలుపెట్టారు. ఆయన ఆగి ఆగి చెప్పినదాన్ని నేను కాస్త కూడదీసి చెబుతాను.

అప్పట్లో గుడ్డ రావడమే ఆలస్యం, మనిషి ముందే కత్తెర వేసేవారట. కుట్టే తీరిక ఉండి కాదు. ఒకరు కత్తిరించిన గుడ్డను ఇంకో దర్జీ ముట్టుకోడు గనక గిరాకీ చెయ్యి జారదు. పైగా పని మొదలైందని వచ్చినవాడికి ధీమా. ఒక జూన్ నెలలో బడిపిల్లల యూనిఫారాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అదే నెల ఆ బడి అటెండరు సాయిలు తెల్లటి గుడ్డ తెచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు గంట కొట్టిన మనిషి, ముప్ఫయ్యో తారీఖున రిటైరవుతున్నాడు. సార్లందరూ సభ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. ఆ బడిలో ఆయన అందరి ముందూ కుర్చీలో కూర్చునే రోజు అదొక్కటే. ఆ రోజు ఖాకీ కాకుండా తెల్లచొక్కా తొడుక్కోవాలని ఆయన కోరిక. నాంపల్లయ్య గారు నిలబెట్టి కొలతలు తీసి, కత్తిరించి, మూటగట్టి, గురువారం రమ్మన్నారు.

ఆ గురువారం కాలేదు, పై గురువారమూ కాలేదు. ఒళ్ళు దాచుకుని కాదు. అన్నానికి కూడా లేవకుండా మిషను తొక్కారు. కానీ గుమ్మంలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ మూట విప్పడం, మరొకరు వచ్చి అరిస్తే అది పక్కన పడేసి వీళ్ళది విప్పడం. ఒక నిక్కరుకు జేబు పడేది, ఒక జాకెట్టుకు ఒక చెయ్యి పడేది. సాయిలు అరిచే రకం కాదు. పదకొండు సార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ముక్కలు చూపించి "అయినట్టే సాయిలన్నా" అనేవారు. "సరే తమ్మీ" అని వెళ్ళిపోయేవాడు. ముప్ఫయ్యో తారీఖు పొద్దున వచ్చేసరికి చొక్కాకు కాలరు లేదు, చేతులు లేవు.

"ఏమన్నడయ్యా?" అంది మణెమ్మ.

"తిట్టలే. తిట్టినా బాగుండు. ముక్కలన్ని మలిచి సంకల పెట్టుకున్నడు. 'కుట్టకుంటె కుట్టకపోతివి తమ్మీ. కత్తెర పెట్టకుంటె ఇంకెవలన్న కుడుతుండిరి గదా' అన్నడు. ఖాకీ మీదనే శాలువ కప్పిచ్చుకున్నడు."

గురువుగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు. మణెమ్మ మీద కోపం కూడా ఎటో పోయింది.

ఆమె సంచిని బల్ల మీద బోర్లించి, రాజవ్వ కూతురి కాగితం వెతికి తీసి, అక్కడే నిలబడి రాయడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఫోను మోగినా ఎత్తలేదు. పన్నెండు రోజులు మోసిన కాగితం అరగంటలో అయిపోయింది. ఆన్‌లైన్ సెంటరు మూసేలోగా ఎక్కించడానికి ఇంకా పొద్దుంది. వెళ్ళబోయి, బల్ల మీద మిగిలిన పదమూడింటినీ చూసి మళ్ళీ ఆగింది.

"రెండు ఉంచుకుంట అయ్యా, కడమయి ఇచ్చేస్త. కానీ నాతోని కాదని మొఖం మీద ఎట్ల చెప్పాలె? మనసు నొచ్చుకోరా?"

గురువుగారు మిషను సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. తలెత్తలేదు.

"సాయిలన్న పదకొండు సార్లు తిరిగింది నేను కాదన్నందుకు కాదు బిడ్డా" అన్నారు.