ఉర్సులమ్మ దాచిన పటిక

అనగనగా అంటే ఇక్కడెక్కడో కాదు, సముద్రాలకి అవతల, ఇంగ్లీషు రాజుగారి దేశంలో. అక్కడ ఉర్సులా అని బట్టలకి రంగులు వేసే ఆవిడ ఉండేది. మనం ఉర్సులమ్మ అనుకుందాం, నోరు తిరుగుతుంది. మొగుడు లేడు. ఉన్నది ఒక్కడే కొడుకు, నెడ్. వాడంటే ఆవిడకి ప్రాణం.

ఆ దేశంలో రాజుకీ పార్లమెంటుకీ చెడింది. "దేవుడు నాకిచ్చిన రాజ్యం, నా ఇష్టం" అన్నాడు రాజు. "మమ్మల్ని అడక్కుండా పన్నులెలా వేస్తావు?" అన్నారు వాళ్ళు. మాటామాటా పెరిగి కత్తులు దూశారు. పరాయివాళ్ళ మీద కాదండీ, వాళ్ళలో వాళ్ళే! ఒకే భాష, ఒకేలాంటి మొహాలు. మరి ఎవరు ఎటువాళ్ళో తెలిసేదెలా? రాజు మనుషులకి ఎర్ర నడికట్టు, పార్లమెంటు మనుషులకి పసుపు నడికట్టు. రంగు చూసి చంపుకోవాలి. విన్నారా ఘోరం!

ముందు పార్లమెంటు కెప్టెన్ గుడ్డల మూటతో వచ్చాడు. "ఇవన్నీ పసుపు కావాలి, తొందరగా."

"పటిక లేదు దొరా. పటిక లేకుండా వేస్తే వానకి కారిపోతుంది" అంది ఉర్సులమ్మ. యుద్ధంతో ఓడలు ఆగిపోయి పటిక రావడం లేదు మరి.

"వాన సంగతి మేం చూసుకుంటాం. నువ్వు ముంచు."

ముంచింది.

తర్వాత రాజుగారి కెప్టెన్ వచ్చాడు. ఎరుపు కావాలన్నాడు.

"పటిక లేదు దొరా. వానకి కారిపోతుంది."

"నోరు మూసుకుని ముంచు."

ముంచింది.

మూడోసారి వచ్చిందెవరనుకున్నారు? నెడ్! చేతిలో తెల్లగుడ్డ. "అమ్మా, నాకూ ఎర్రది వెయ్యవే. రాజుగారి దళంలో చేరాను."

ఆవిడ ఏడ్చింది, బతిమాలింది. వాడు వినలేదు. అప్పుడు పెట్టె అడుగునుంచి గుప్పెడు పటిక తీసింది. వాడి పెళ్ళిబట్టల కోసం ఎప్పుడో దాచింది. అదంతా ఆ ఒక్క నడికట్టుకే వాడేసింది. నా బిడ్డ కట్టుకునేది వెలవకూడదు అనుకుంది. కన్నతల్లి కదా!

ఊరవతల బీడులో రెండు దండులూ తలపడ్డాయి. ఆడవాళ్ళంతా మెరక మీద నిలబడి చూస్తున్నారు. ఇంతలో వాన. కుండపోత. ఎరుపు కారింది, పసుపు కారింది, అందరి నడుములకీ బురదరంగు గుడ్డలే మిగిలాయి.

ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆగింది. "నువ్వు మావాడివేనా?" "ముందు నువ్వెవరో చెప్పు!" ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈటెలు దించారు. నా పాడు రంగు ఇంతమందిని కాపాడిందే అని ఉర్సులమ్మ చేతులు జోడించింది.

జోడించిన చేతులు విడవలేదు, కేక వినిపించింది.

"అడుగో, ఎర్రోడు!"

అంతమందిలో ఒక్కడే, నిప్పులా ఎర్రగా. పార్లమెంటువాళ్ళ ఈటెలన్నీ అటే లేచాయి.

ఆ రోజు పోయింది నెడ్ ఒక్కడే. అయ్యో, ఏం చెప్పను! ఉర్సులమ్మ పరుగెత్తుకెళ్ళి ఆ నడికట్టు విప్పింది, వాగులో ఉతికింది. ఉతికింది, ఉతికింది. ఎంత ఉతికినా రంగు దిగలేదు.

యుద్ధం ఏళ్ళ తరబడి సాగింది. రాజు ఓడిపోయాడు. నడివీధిలో, జనం చూస్తుండగా, రాజు తల నరికేశారు! రాజే లేని దేశమైంది. పోనీ అలాగైనా ఉన్నారా? కొన్నేళ్ళకి ఆ రాజు కొడుకునే పిలిచి గద్దె మీద కూర్చోబెట్టారు! చర్చి గంటలు మోగించారు, మిఠాయిలు పంచారు.

ఎవరో వాగు దగ్గరికి వెళ్ళి చెప్పారు, "అవ్వా, రాజుగారు తిరిగొచ్చారు!"

ముసలి ఉర్సులమ్మ ఉతకడం ఆపి తలెత్తింది. "వచ్చాడా? అయితే మావాడూ వచ్చేస్తాడా?"

ఆవిడకని తెచ్చిన మిఠాయి వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

ఉర్సులమ్మ పోయి ఎంతకాలమైందో ఎవరికీ తెలియదు. కానీ ఆ ఊళ్ళో ఇప్పటికీ కొడుకు ఊరు దాటుతున్నాడంటే, వాడి కొత్తబట్ట తల్లి ఆ వాగులో ఉతుకుతుంది. "ఉర్సులమ్మ చూస్తోంది, ఇంకొంచెం పిండు" అంటారు పక్కవాళ్ళు. రంగంతా దిగిపోతే "వెళ్ళిరా నాన్నా" అంటుంది. దిగకపోతే ఆ బిడ్డని గడప దాటనివ్వదు, రాజే వచ్చి పిలిచినా సరే.