గ్రిప్పులు ఎవరి చేతికి?

ఆ శిక్షణ గదిలోకి తొంగి చూశారు గదా, ఏం చూశారో చెప్పండి. అన్నాలు తిని, ఫ్యాను కింద కునికిపాట్లు పడే కుర్రాళ్లను చూసి నవ్వుకున్నారా? నవ్వే సంగతి కాదది. రేపు మీ వీధిలో కరెంటు స్తంభాలెక్కేది వాళ్లే.

వెనక బల్ల మీద యల్లమంద, శౌరి ఒకే ఫోనులో తలలు దూర్చి కూర్చున్నారు. యల్లమంద కాంట్రాక్టరు కింద చాలా స్తంభాలే ఎక్కాడు. నెలరోజుల క్లాసు అనేసరికి వాడికి ఒళ్లు మంట. ఆ మంట ఆ రోజు నోటిదాకా వచ్చింది.

"ఉస్తాద్, ఎక్కడం వచ్చినోడికి ఇయ్యన్నీ ఎందుకు? చెప్పిందే చెబుతుంటే నిద్ర రాక ఏం వచ్చిద్ది?"

శౌరి కిసుక్కున నవ్వాడు. ముందు బల్ల మీది దాసు తల తిప్పలేదు. వాణ్ని వీళ్లిద్దరూ 'అయ్యవారు' అని ఏడిపిస్తుంటారు.

పాఠం చెప్పే ఉస్తాద్ మస్తాన్‌వలి కరెంటు లైన్ల మీదే జుట్టు నెరిసినవాడు. ఆయన చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. అందర్నీ పెరట్లోని స్తంభం దగ్గరికి నడిపించాడు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఫ్యూజు గ్రిప్పులు ఊడబెరికాడు. అవి పెడితేనే తీగలో కరెంటు. ఎక్కినవాడు దిగివచ్చి తన నోటితో అడిగేదాకా, కింద ఉన్నవాడు వాటిని ఆఫీసరు అడిగినా ఇవ్వకూడదు. లైన్‌మన్ల ఆనవాయితీ అది.

"ఎక్కు," అన్నాడు యల్లమందతో. "ఇవి ఎవడి చేతిలో పెట్టమంటావ్?"

శౌరి అప్పటికే చెయ్యి చాపాడు. యల్లమంద ఆ చేతిని చూశాడు. ఇందాకటి పాఠంలో ఆ చేతిలో ఫోను ఉంది. ఉస్తాద్ ఏం చెప్పాడో శౌరికి ఒక్క ముక్క తెలియదు. తెలియదని యల్లమందకు తెలుసు.

"దాసుకియ్యండి ఉస్తాద్."

"అదేందిరా మామా?" అన్నాడు శౌరి. నవ్వు పోయింది.

యల్లమంద చకచకా ఎక్కి, తీగ బిగించి దిగాడు. ఇక దాసు వంతు. యల్లమంద తనే ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

దాసు గ్రిప్పులు తీసుకెళ్లి ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

యల్లమంద మొహం జేవురించింది. "ఏరా, నాకిస్తే చచ్చిపోతావా?"

"ఏమో అన్నా," అన్నాడు దాసు నెమ్మదిగా. "నువ్వు వినలేదు గదా."

యల్లమంద చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఉస్తాద్ ఆ చేతికేసి చూశాడు, వాడి మొహంకేసి చూశాడు.

"ఎక్కడం నీకొచ్చు. నీ కింద ఉన్నోడి సంగతే నేను చెబుతోంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మిగతా పాఠంలో యల్లమంద శౌరి ఫోనుకేసి చూడలేదు.

మీరూ ఎక్కడో ఒక క్లాసులో వెనక బల్ల మీద కూర్చునే ఉంటారు. మీ పక్కవాడు పైకెక్కే రోజున, తన ప్రాణం మీ చేతిలో పెడతాడా?