గైరమ్మ అడుగులు

ఇది మా ముత్తవ్వకి వాళ్ల ముత్తవ్వ చెప్పిన మాట. అప్పట్లో మన ఊళ్లో అన్నీ మట్టిగోడల ఇళ్లే.

ఆ మట్టి తొక్కేది గైరమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఇల్లు లేదు. మట్టీ గడ్డీ నీళ్లూ కలిపి పొద్దుగూకేదాకా తొక్కేది. గోడ పెట్టినవాణ్ణి మేస్త్రి అన్నారు. మట్టి తొక్కినదాన్ని ఏమీ అనలేదు. కూలి కూడా సగమే.

ఏ ఇల్లు కడుతుంటే ఆ మొండిగోడల మధ్యే ఆమె పడక. కప్పు పడి, గృహప్రవేశం నాడు పాలు పొంగితే మాత్రం మూట సర్దుకోవాల్సిందే.

శెట్టిగారి ఇల్లయింది. "బాబూ, పంచలో ఓ మూల పడుంటాను" అంది గైరమ్మ.

"పాలు పొంగాక నీకిక్కడేం పని?" అన్నాడు శెట్టి.

కరణంగారి ఇల్లయింది. "పెరట్లోనైనా పడుంటాను బాబూ" అంది.

"పాలు పొంగాక నీకిక్కడేం పని?" అన్నాడు కరణం.

మూడోది మునసబుగారి ఇల్లు. అప్పటికి గైరమ్మకి దగ్గు పట్టుకుంది. పైన ముసురు. ఆచారం ప్రకారం ఆవుని ముందు లోపలికి నడిపించారు. అది నట్టింట్లో పేడ వేసింది. శుభం అన్నారందరూ. పాలు పొంగాయి. గైరమ్మ గడప దగ్గరికొచ్చింది.

"అమ్మా, ముసురెలిసీదాకా కూసింత సోటియ్యమ్మా. ఈ గోడలన్నీ నాను తొక్కినవే గదా!"

మునసబు భార్య అప్పలనరసమ్మ ఆమె కాళ్లకేసి చూసింది. "ఆ మట్టికాళ్లతోనా? పాలు పొంగాక నీకిక్కడేం పని? పో!"

గైరమ్మ పోలేదు. పోవడానికి చోటుంటే కదా! తను తొక్కిన గోడకే వీపు ఆనించి కూర్చుంది. మూడోనాడు ముసురు వెలిసింది. ఆమె లేవలేదు.

మర్నాడు గడప బయట రెండు మట్టి అడుగులు, లోపలివైపు తిరిగి. అప్పలనరసమ్మ అలికేసింది. మర్నాడు మళ్లీ అడుగులు. మళ్లీ అలికింది. మూడోనాడు కూడా కనిపించేసరికి గడప మీద కూలబడి ఏడ్చింది. "తప్పయిపోయింది గైరమ్మా, లోపలికి రా" అంది. ఆపైన అడుగులు కనబడలేదు.

బతికుండగా జానెడు చోటివ్వలేదు, చచ్చాక పిలిచారు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే మన ఊళ్లో గృహప్రవేశానికి ఆవు రెండోది. ఆ ఇంటికి మట్టి తొక్కిన ఆడమనిషి, ఇప్పుడైతే సిమెంటు తట్టలు మోసిన ఆడమనిషి, కాళ్లు కడుక్కోకుండా ముందు లోపలికి నడవాలి. "గైరమ్మొచ్చిందా?" అని పెద్దలడుగుతారు. వచ్చిందంటేనే పాలు పొయ్యి మీద పెడతారు. ఆ పూట ఆమెకి విస్తరి వేస్తారు. పొద్దుగూకేసరికి ఆమె తన గుడిసెకి పోతుంది.

సొంత ఇల్లున్న గైరమ్మని మాత్రం నేనింతవరకు చూడలేదు.