ఊపిరి పీల్చిన గుహ

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక కొండ, ఆ కొండ కడుపులో ఒక గుహ. ఆ గుహ బొద్దక్కది. బొద్దక్క అంటే ఎవరనుకున్నారు? ఎలుగుబంటి! అడవిలో అందరికీ కసరత్తు నేర్పేది ఆమే.

తెల్లారేసరికి కుందేలు, కొండముచ్చు, దుప్పి, ఇంకా బోలెడుమంది గుహ ముందు చేరేవాళ్లు. అందరికన్నా ముందు వచ్చేది ముళ్లపంది తాత. కీళ్లు పట్టేసి నడవలేకపోయిన తాత, ఏడాదిపాటు బొద్దక్క దగ్గర వంగి లేచి, ఇప్పుడు వాగుదాకా తనే వెళ్లి వస్తున్నాడు. తాత నడుస్తుంటే చూసి బొద్దక్క మురిసిపోయేది.

బొద్దక్కది ఒకటే పట్టుదల. "చెమట కారకపోతే అది కసరత్తే కాదు" అనేది.

వానాకాలం వచ్చింది. కసరత్తు గుహ లోపలికి మారింది. చల్లగాలి కొడుతుంటే ఇక చెమటేం పడుతుంది? బొద్దక్క గుహ నోటికి బండ అడ్డం పెట్టేసింది. పైకప్పులో ఒక నెర్రె ఉంటే దాన్నీ బంకమట్టితో మెత్తేసింది. ఆ ఉక్కలో అందరూ ఒకరినొకరు ఆనుకుని నిలబడి, రొప్పుతూ, "ఒకటీ! రెండూ! మూడూ!" అని గొంతు చించుకుని అరిచేవాళ్లు. చెమట ధారలు కట్టింది.

మొదటిరోజు కుందేలు తుమ్మింది. "అక్కా, ఒంట్లో బాగోలేదు. ఇంటికి పోనా?"

"చెమట పడితే అదే పోతుంది. కానియ్!" అంది బొద్దక్క.

రెండోరోజు కొండముచ్చు దగ్గింది. బొద్దక్క మళ్లీ "కానియ్!" అంది.

మూడోరోజు సగం మందే వచ్చారు. తాత రాలేదు.

ఏడాదిలో ఒక్కపూట మానని తాత! బొద్దక్క వానలోనే పరిగెత్తింది. తాత తన బొరియలో ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ ముళ్లన్నీ గలగలమంటున్నాయి.

"ఏమైంది తాతా?"

"గాలి... అందడం లేదమ్మా. రేపు వస్తాలే. నా చోటు ఎవరికీ ఇవ్వకు."

 బొద్దక్క బయటికి వచ్చి, ఎటు పోవాలో తెలియక, ఒక చెదల పుట్ట పక్కన కూలబడింది. నిన్నటినుంచి ఏమీ తినలేదు. అలవాటు కొద్దీ పుట్టను గోళ్లతో గీరి, కన్నంలో మూతి పెట్టింది.

వెచ్చని గాలి ముక్కుకు తగిలింది. ఉలిక్కిపడి మూతి తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తగిలింది. మూడోసారి కళ్లు మూసుకుని నిదానంగా పెట్టింది. పుట్ట ఊపిరి వదులుతోంది! 

కన్నం అంచుకు ఒక చెదపురుగు వచ్చింది. "అక్కా, నాలుక కాస్త లోపల పెట్టుకో. ఏమిటలా గుడ్లప్పగించావు?"

"మీ ఇల్లు... బతికుందా?"

"ఇల్లు మట్టిదే. లోపల లక్షలమందిమి పొద్దస్తమానం పనిచేస్తాం. అందరం వదిలిన గాలి లోపలే ఉంటే ఏం గతి? అందుకే పైకి గొట్టాలు వదిలి కట్టుకున్నాం. వాడిన గాలి అటు పోతుంది, కొత్తగాలి ఇటు వస్తుంది."

"ఎవరు నేర్పారు మీకు?"

"నేర్పేదెవరు? మూసుకున్న పుట్టలు చచ్చాయి. తెరుచుకున్నవి మిగిలాయి."

బొద్దక్క తలెత్తి చూసింది. పుట్ట తనకన్నా ఎత్తుంది. కట్టింది ఎవరు? తాను ఒక్క పీల్పుకు వందమందిని మింగేసే ఈ పురుగులు! ఇన్నేళ్లూ తిన్నదే తప్ప ఒక్కనాడైనా చూసిందా? ఆశ్చర్యంతో పుట్ట చుట్టూ తిరిగి చూసింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది.

"నేను గీరిన చోటు..." అని నసిగింది.

"రేపటికి కట్టేస్తాంలే. నువ్వు నీ ఇల్లు చూసుకో."

మూసేసిన తన గుహ గుర్తొచ్చి బొద్దక్క ఆకలితోనే అటు పరిగెత్తింది. బండ దొర్లించేసింది. నెర్రెలోని మట్టి పెళ్లలు పెళ్లలుగా పీకేసింది. అందరినీ పిలిచి, "తప్పు నాది. ఇకనుంచి వాన తెరిపిస్తే బయటే కసరత్తు. లోపలైతే కొద్దిమందే, చేయి చాపినా తగలనంత దూరంలో. అరుపులొద్దు. తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఇంట్లో పడుకోండి" అంది.

బొద్దక్క రోజూ తాత బొరియ బయట పళ్లు పెట్టి, దూరంగా నిలబడి ఆ ముళ్ల గలగల వినేది. తొమ్మిదోరోజు గలగల వినపడలేదు. బొద్దక్క బొరియ దగ్గరికి ఉరికింది.

"తాతా!"

"అరవకే తల్లీ. ఆ పళ్లు ఇటు దొర్లించు, ఆకలేస్తోంది."

బొద్దక్క అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఒంట్లో పూర్తిగా కుదురుకున్నాక తాత గుహలోకి వచ్చి తన చోట్లో నిలబడ్డాడు. "చెమట పట్టడం లేదేమే?" అన్నాడు.

"పట్టకపోతే పోనీ తాతా" అని, బొద్దక్క గుహ పైకెక్కింది. లోపల కొద్దిమందే ఎడంగా నిలబడి వంగి లేస్తున్నారు. నెర్రె దగ్గర మెల్లగా మూతి పెట్టింది. వెచ్చని గాలి ముక్కుకు తగిలింది. కుందేలుది, కొండముచ్చుది, తాతది, అందరి ఊపిరీ కలిసి ఆకాశంలోకి పోతోంది. బొద్దక్క చాలాసేపు మూతి తీయలేదు.

నీతి: నలుగురు కలిసి రొప్పే చోట గాలికి దారి వదలాలి, ఒంట్లో బాగోలేని రోజు ఇంట్లో ఉండటం కూడా నలుగురికీ చేసే మేలే.