ఐదో కంబం ముడి

ఎర్రిస్వామి మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు అదే రోజు జవాబు దొరికిన సందర్భం లేదు. అడిగిందంతా ఓపికగా వినేవాడు, భుజం మీది తువ్వాలు తీసి రెండో భుజం మీద వేసుకునేవాడు, అంతే. తువ్వాలు భుజం మారిందంటే ప్రశ్న ఆయన చెవిన పడిందని శిష్యులు అర్థం చేసుకుని, ఇక నోరు మూసుకుని కాచుకునేవాళ్లు. జవాబు రేపు రావచ్చు, ఆరు నెలలకు రావచ్చు. వచ్చినప్పుడు అది మాటల్లో మాత్రం వచ్చేది కాదు.

ఆయన నేర్పే విద్య రాళ్లెక్కడం. ఊరికి ఆరు మైళ్ల అవతల, ఏరు ఎండి ఇసుక మేటలు వేసిన బయలొకటుంది. గడ్డి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి మొలిచే చోటు. ఆ ఇసుకలోంచి ఐదు రాతి స్తంభాలు ఒకదానికొకటి ఎడంగా నిట్టనిలువునా లేచి ఉంటాయి. ఆ వైపువాళ్లు వాటిని కంబాలంటారు. మొదటిది రెండు తాటిచెట్ల ఎత్తు, ఐదోది నాలుగు. ఐదింటినీ ఒక్క పగటిలో ఎక్కి దిగడమే గొప్ప అనుకునే రోజులు పోయి, ఎంత తక్కువ సేపట్లో ఎక్కి దిగారన్నది గొప్పయింది. పొరుగు జిల్లా జంట ఒకటి ఎనిమిది గంటల నలభై నిమిషాల్లో ఆ పని చేసి, మీసాలు దువ్వుకుంటూ వెళ్లిపోయింది.

మాస్టారి శిష్యుల్లో వన్నూరప్పకు అప్పటినుంచి నిద్ర లేదు. అతను రాళ్లు కొట్టే ఇంట పుట్టినవాడు, రాతిని చూస్తే ఎక్కడ వేలు పడుతుందో ముందే తెలిసినవాడు. జంటగా ఎక్కేది అతని చెల్లెలు శివలీల. ఇద్దరూ కలిసి నెల రోజులు ఎక్కీ దిగీ సమయాన్ని ఎనిమిది గంటల నలభైరెండు నిమిషాలకు తెచ్చారు. ఆ మీది రెండు నిమిషాలు మాత్రం ఎంత పిండినా తగ్గలేదు. నడకలో తగ్గించారు, మంచినీళ్లలో తగ్గించారు, చివరికి మాటల్లో కూడా తగ్గించారు. ఇంకేం తగ్గించాలా అని వెతుకుతూ వన్నూరప్ప కళ్లు ముడి మీద పడ్డాయి.

ఆ ముడి సంగతి కాస్త చెప్పాలి. కంబం మీదినుంచి దిగేటప్పుడు తాడును పైనున్న ఇనుప గూటానికి మడతగా వేసి, రెండు కొసలనూ కిందికి వదిలి, ఆ జంట తాడు పట్టుకుని జారుతారు. కొసలకు లావుపాటి ముళ్లుంటే, తాడు నేలకు అందకపోయినా మనిషి ముడి దగ్గర ఆగుతాడు. లేకపోతే కొస జారిపోతుంది, మనిషీ జారిపోతాడు. అందుకని మాస్టారు ఒక ఆచారం పెట్టాడు. ముళ్లు కట్టినవాడు తాడు కిందికి వెయ్యకముందు రెండు కొసలనూ మొదట దిగేవాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు కళ్లు మూసుకుని రెంటినీ తడిమి, "ముడి?" అని అడగాలి. కట్టినవాడు "ఉండాది" అనాలి. అదంతా జరగడానికి అర నిమిషం పడుతుంది.

"గురువా, ఐదు కంబాలకు ఐదు అర నిమిషాలు," అన్నాడు వన్నూరప్ప ఆ సాయంత్రం. "లెక్కేస్తే రెండున్నర నిమిషం. కట్టేది నేను, దిగేది నా చెల్లెలు. నేను కట్టకుండా కట్టినా అంటానా? చేతిలో పెట్టి తడిమించేది ఎందుకు? చెల్లెలు పైకి వచ్చేలోపల నేను ముళ్లు కట్టి తాడు కిందికేసి పెడతా. అది అడుగుతుంది, నేను చెప్తా. మాట చాలదా?"

మాస్టారు విన్నాడు. శివలీల వైపు ఒకసారి చూశాడు. తువ్వాలు భుజం మార్చాడు.

"రేపు నీ ఇష్టప్రకారమే ఎక్కప్పా," అన్నాడు. "నేను ఐదో కంబం కింద కూర్చోనుంటా."

మొదటి దాని కింద ఎందుకు కూర్చోడో, మూడో దాని కింద ఎందుకు కూర్చోడో ఆయన చెప్పలేదు. అనుమతి దొరికిన సంబరంలో వన్నూరప్పకు ఆ సంగతి అడగాలని తోచనూ లేదు.

మర్నాడు ఆరు గంటలకు బయలు అంచునున్న సరిహద్దు రాయిని ఇద్దరూ చేత్తో తాకి పరుగందుకున్నారు. చివరికి ఇద్దరూ తాడుతో సహా ఐదో కంబం దిగి, దాని మొదట్లో ఉన్న తెల్లరాయిని తాకితే గడియారం ఆగుతుంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తల్లి ఎప్పటిలాగే, "ఇద్దరు పోతాండారు, ఇద్దరే రావల్ల," అంది. రోజూ అనేదే కనక ఇద్దరూ వినీ విననట్టు వచ్చేశారు.

మొదటి కంబం మీద శివలీల తల పైకి రాగానే "ముడి?" అంది. "ఉండాది," అన్నాడు అన్న. తాడు అప్పటికే కింద వేలాడుతోంది. ఆమె నడుం పట్టీ కొక్కేన్ని తాడుకు తగిలించుకుని దిగింది. రెండోదాని మీదా అంతే. మూడోదాని మీద ఆమె ఇంకా అంచుకు రాకముందే అడిగింది, అతను ఆమె ముఖం చూడకుండానే చెప్పాడు. నాలుగోదాని మీద ప్రశ్నా జవాబూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. గడియారం చూసుకుంటే మామూలు కన్నా రెండు నిమిషాలు కలిసొచ్చాయి. వన్నూరప్పకు గుండెల్లో ఈల వేసినట్టయింది.

ఐదో కంబం దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తిన దిగబడింది. గాలి లేచి ఇసుకను కళ్లల్లోకి కొడుతోంది. వేళ్ల చివర్లు రాతికి అరిగి ఎర్రబడ్డాయి. వన్నూరప్ప పైకి చేరి, చెల్లెలు ఎక్కే తాడు లాగుతూ, దిగే తాడు సర్దుతూ, కిందికి వేస్తూ, గడియారం చూస్తూ అన్నీ ఒకేసారి చేశాడు. శివలీల పైకి వచ్చింది. ఆమె పెదవులు ఎండి తెల్లబారాయి.

"ముడి?"

"ఉండాది."

ఆమె కొక్కెం తగిలించుకుని అంచు దాటి వెనక్కి వాలింది. పసుపు హెల్మెట్ ఒక్క క్షణం కనిపించి రాతి కింద మాయమైంది. కంబం అక్కడ లోపలికి ఒంగి ఉంటుంది. దిగేవాళ్లు పైనున్నవాళ్లకు కనపడరు.

అప్పుడు వన్నూరప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. ముడి ఎప్పుడు కట్టాను?

మొదటి కంబం మీద కట్టింది గుర్తుంది, అక్కడ తొండ ఒకటి చూస్తూ కూర్చుంది. రెండోదాని మీద ముడి బిగిస్తుంటే గోరు విరిగింది. మూడు, నాలుగు కూడా ఏదో విధంగా గుర్తున్నాయి. ఐదోది లేదు. ఎంత వెతికినా నాలుగోదాని మీద కట్టిన ముడే కళ్ల ముందుకు వస్తోంది. కట్టే ఉంటాను అనుకున్నాడు. కట్టకుండా ఉంటానా అనుకున్నాడు. మరి "ఉండాది" అని ఎట్లా అన్నాను? ఆమె అడిగింది, నోరు చెప్పింది. తను చెప్పలేదు.

"శివా!" అని అరిచాడు. "శివా, ఆగే! యాడుంటే ఆడ నిలబడు!"

గాలి ఆ కేకను అతని నోటి ముందే పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. తాడు బిర్రుగా ఉంది, ఆమె బరువుకు గూటం దగ్గర చిన్నగా కిర్రుమంటోంది. ఆ బరువు ఉన్నంతసేపూ చెల్లెలు ఉన్నట్టే. తాడు పైకి లాగి చూద్దామంటే ఆమె దానికే వేలాడుతోంది. అతను పొట్ట మీద బోర్లా పడుకుని అంచుకు తల పెట్టి చూశాడు. ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. తాడు రెండు కొసలూ నేలను తాకుతున్నాయా, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పడిందా? వేసేటప్పుడు అదీ చూడలేదు. తాడు మీద అరచెయ్యి ఆనించి, బరువు ఉంది, బరువు ఉంది అని లోపల చెప్పుకుంటూ ఉండిపోయాడు.

ఉన్నట్టుండి తాడు వదులైంది.

నేలమీద కాలు పెట్టినా తాడు వదులవుతుంది. కొస జారిపోయినా వదులవుతుంది. పైనున్నవాడి చేతికి రెండూ ఒక్కటే. కిందికి చేరినవాళ్లు తాడును మూడుసార్లు లాగాలి, అది గుర్తు. వన్నూరప్ప ఆ మూడు లాగుళ్ల కోసం కాచుకున్నాడు. ఒకటీ రాలేదు. గడియారం మణికట్టు మీదే ఉంది, దానివైపు చూడాలని కూడా అతనికి తోచలేదు. ఇద్దరు పోతాండారు అన్న తల్లి మాట మొదటిసారి పూర్తిగా వినపడింది.

ఎట్లా కొక్కెం తగిలించుకున్నాడో, ఎట్లా అంచు దాటాడో అతనికి తెలియదు. ఒంపు దాటి కిందికి చూసేసరికి ఇసుకలో పసుపు హెల్మెట్ కనిపించింది. దాని కింద చెల్లెలు కూర్చుని సీసాలోంచి నీళ్లు తాగుతోంది. అతనికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాళ్లు నేలకు తగలగానే, "తాడు ఎందుకు లాగలేదే?" అని అరిచాడు.

"మాస్టారు లాగనీలేదన్నా," అంది శివలీల. "నేను దిగతావుంటేనే కొసలు రెండూ ఆయప్ప చేతిలో ఉన్న్యాయి."

ఎర్రిస్వామి మాస్టారు కంబం మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తాడు ఆయన ఒళ్లోకి వెళ్లింది. రెండు కొసలూ రెండు పిడికిళ్లలో ఉన్నాయి, పిడికిళ్ల మీద తువ్వాలు కప్పి ఉంది. తెల్లరాయి పది అడుగుల దూరంలో ఉంది. ఎనిమిది గంటల నలభై నిమిషాలకు ఇంకా రెండు నిమిషాలకు పైగా ఉంది. కొసల ముళ్లు విప్పి, తాడు లాగేసుకుని, వెళ్లి రాయిని తాకడమే మిగిలిన పని.

"వన్నూరూ," అన్నాడు మాస్టారు. "ముడి?"

వన్నూరప్ప నోరు తెరిచాడు. పైన తనంతట తానే దూకి వచ్చిన ఆ ఒక్క మాట ఇప్పుడు రాలేదు. ఉండాది అంటే అబద్ధం కావచ్చు, లేదంటే అదీ అబద్ధం కావచ్చు. చెల్లెలు సీసా దించి అన్న ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆమెకు సంగతి తెలిసింది. ఆమె చెయ్యి మెల్లగా తన నడుం పట్టీ మీదికి వెళ్లి, అక్కడి కొక్కేన్ని గట్టిగా పట్టుకుంది.

"చెప్పప్పా. గడియారం పోతాంది."

"తెలీదు గురువా," అన్నాడు వన్నూరప్ప. "నాకు తెలీదు. తెలీకుండానే దాన్ని దింపినా."

అని ఇసుకలో కూలబడ్డాడు. మాస్టారు తొందరపడలేదు. గడియారంలోని రెండు నిమిషాలూ నడిచి వెళ్లేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు దాటాయి. పొరుగు జిల్లావాళ్ల మీసాలు క్షేమంగా ఉన్నాయి.

అప్పుడాయన తువ్వాలు తీసి రెండో భుజం మీద వేసుకున్నాడు. రెండు కొసలనూ తెచ్చి వన్నూరప్ప అరచేతుల్లో పెట్టాడు.

వన్నూరప్ప కళ్లు మూసుకుని తడిమాడు. ఒక చేతిలో లావుపాటి ముడి తగిలింది. రెండో చేతిలోనూ తగిలింది. రెండూ తను కట్టిన తీరే, రెండు చుట్లు తిప్పి లోపలికి దూర్చి బిగించినవి. అతను వాటిని వదలకుండా పట్టుకుని, చెల్లెలు పక్కనే ఉందని కూడా చూసుకోకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఉండాయి లేరా," అన్నాడు ఎర్రిస్వామి మాస్టారు. "పైనా ఉండాయి. తడిమి చూసేకి ఎంతసేపు పట్టె?"