నక్కబావ అమ్మిన ఈల తలుపు

వేరుశెనగ చేను గట్టున సెల్ టవర్ లేచిన ఏడాది, ఆ చుట్టుపక్కల జంతువులన్నిటికీ నెట్ పిచ్చి పట్టుకుంది. ఆ సంగతి అందరికంటే ముందు పసిగట్టింది నక్క. ఈలకి తెరుచుకునే తలుపులు తెచ్చి, కాయలు పుచ్చుకుని ఇంటింటికీ, ఆఖరికి పందికొక్కుల బొరియలకీ బిగించడం మొదలుపెట్టింది.

"చేనులోని తలుపులన్నీ ఫోన్‌లో వరసగా కనిపిస్తాయి ఉడుతమ్మా," అంది ఉడుతతో. "ఎక్కడున్నా సరే, నీ తలుపు బొమ్మ నొక్కి ఈల వేస్తే తెరుచుకుంటుంది, మళ్ళీ వేస్తే మూసుకుంటుంది. నీ ఈలకి తప్ప ఇంకెవరి ఈలకైనా తెరుచుకుంటే నన్నడుగు."

ఉడుత ఆశపడింది. తుమ్మచెట్టు మొదట్లో ఉన్న తొర్రలో వానాకాలానికని కాయలు దాచుకుంది. పందికొక్కుల భయంతో కంటి మీద కునుకు లేదు. తలుపు బిగించాక నక్క గుక్క తిప్పుకోకుండా షరతులు ఏకరువు పెట్టింది. బిగించేవరకే తన పూచీ, ఆ తర్వాత ఏం జరిగినా తనకి సంబంధం లేదంది. కొత్త తలుపు చూసి మురిసిపోతున్న ఉడుత అన్నిటికీ తలూపింది.

తొలకరి ముందు ఒకరోజు ఉడుత ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎక్కడా పగల్లేదు, గీత కూడా పడలేదు. లోపల తొక్కలే మిగిలాయి, వాటి మీద పందికొక్కుల పళ్ళగాట్లు. వానల్లో పిల్లలకేం పెట్టాలో తెలీక ఉడుతకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నక్క దగ్గరికి పరిగెత్తింది.

"ఈల ఎవరికి చెప్పావు?" అంది నక్క తాపీగా.

"మా ఆయనక్కూడా చెప్పలేదు బావా."

"అయితే నిద్దట్లో వేసుంటావు. షరతులకి తలూపావా, లేదా?"

"ఊపాను."

"మరింకేం? నా నెత్తిన రుద్దకు."

దిగాలుగా ఇల్లు చేరిన ఉడుత తలుపు మూద్దామని ఫోన్ తీసి, పరధ్యానంలో పక్క బొమ్మ నొక్కి ఈల వేసింది. ఎదురుగా కుందేలు ఇంటి తలుపు తెరుచుకుంది. ఉడుత కాసేపు దానివంకే చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పంచాయితీకి ఎద్దుమామని పిలవడానికి బయల్దేరింది.

మర్నాడు టవర్ కింద అందరూ చేరారు.

"ఒక్కో తలుపుకి ఒక్కో ఈల నేర్పాను మామా," అంది నక్క. "ఈవిడ నోరు ఈవిడ కాచుకోలేదు. దానికి నేనేం చెయ్యను?"

"నీ బొరియక్కూడా ఇదే తలుపు కదా బావా?" అంది ఉడుత మెత్తగా.

"కాదా మరి? నా సరుకు నేనే నమ్మకపోతే ఎలా?"

ఉడుత కుందేలు తలుపు బొమ్మ నొక్కి ఈల వేసింది. తెరుచుకుంది. కుందేలు నోరు తెరిచింది. తర్వాత ఉడుత ముళ్ళపంది తలుపు బొమ్మ నొక్కి అదే ఈల వేసింది. అదీ తెరుచుకుంది. మూడోసారి నక్క బొరియ తలుపు తెరుచుకుని, లోపలున్న కాయల గుట్ట అందరికీ కనబడింది. నక్క కంగారుగా తలుపు మూయబోయి మూతి సున్నా చుట్టింది. నోరెండిపోయి ఉత్త గాలే వచ్చింది.

"అన్నిటికీ ఒకటే ఈలా?" అంది ఎద్దు.

"ఒక్కోదానికి ఒక్కోటి నేర్పే తీరికేది మామా," అని నక్క నీళ్ళు నమిలింది. "అయినా షరతులకి తలూపింది కదా."

"బిగించాక జరిగేదానికి పూచీ లేదన్నావు, సరే. ఇది బిగించకముందే నువ్వు చేసిన తప్పు. తెలిసి కూడా దాచావు. దానికి ఎవరూ తలూపలేదు. ఉడుత తొర్ర నింపు. అందరి ఈలలూ మార్చు."

పొద్దువాలేదాకా నక్క మూటలు మోస్తూనే ఉంది. తొర్ర నిండాక, ఆయాసపడుతూ ఉడుత తలుపుకి కొత్త ఈల నేర్పింది. అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని షరతులు మొదలుపెట్టబోయింది.

"ఆగు బావా," అంది ఉడుత, కొత్త కాయ ఒకటి ఒలుచుకుంటూ. "ఈసారి షరతులు నేను చెప్తాను. నువ్వు తలూపు."

లోపం దాచి సరుకు అమ్మినవాణ్ణి, కొన్నవాళ్ళ తలూపుడు కాపాడదు.