పగడపు దిబ్బ మీద బెత్తెడు రైతు

ఇది అబద్ధమనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు తీసే ఉంది. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో సకిలించకూడదు. శంఖుదీవి సేనాపతికి మూడంటే మూడు మునకల్లో మూడు చెరువుల నీళ్ళు తాగించిన కథ ఇది. అవీ ఉప్పునీళ్ళు.

ఆ సేనాపతి పేరు భీకరరాయుడు. చేసిన యుద్ధాలు సున్నా, చెప్పిన యుద్ధాలు నూటపదహారు. మీసాలు మాత్రం నిజం. ఒక్కోటీ మూరెడు. వాటికి నెయ్యి రాయడానికి ఇద్దరు నౌకర్లు, కుడిదానికొకడు, ఎడమదానికొకడు.

ఒకనాడు పోలభూపతి మహారాజుకి హుషారు పుట్టింది.

"రాయుడూ, నీకేదైనా ఇనాం ఇవ్వాలనిపిస్తోందయ్యా. కోరుకో!"

"తూర్పు రేవులో పగడపు దిబ్బ ఇప్పించండి ప్రభూ. తవ్వి, కాల్చి, సున్నం చేసి, ఏడంతస్తుల మేడ కట్టుకుంటాను. ఎటూ దిక్కులేని బీడే కదా!"

సభలో ఓ మూల గవ్వల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నూకన్న ఆ మాట విన్నాడు. రాణివాసానికి గవ్వలు తేవడం అతని ఉద్యోగం. పొద్దున్నే మునిగాడంటే మధ్యాహ్నం భోజనానికే తేలేవాడు. వాళ్ళ గూడెంలో నలభై గడపలు ఆ దిబ్బ చుట్టూ వల వేసుకునే బతుకుతున్నాయి. దిబ్బ పోతే చేప పోతుంది, చేప పోతే గూడెం పోతుంది. అయినా ఏడంతస్తుల మేడ ముందు నలభై పూరిపాకలు ఎవరికి కనిపిస్తాయి?

నూకన్న పళ్ళెం కింద పెట్టాడు.

"ప్రభూ, ఇనాం ఆనవాయితీ ఒకటుంది కదండీ. పుచ్చుకునేవారు ఆ నేల మీద నిలబడి గుప్పెడు పైరు పీకాలి. చాటింపు మూడుసార్లు వేసేలోపు అక్కడి రైతు అడ్డు చెబితే ఇనాం చెల్లదు."

"అవును. అయితే?"

"అక్కడో రైతున్నాడండి."

సేనాపతి మీసం దువ్వాడు. "ఒరేయ్ గవ్వలోడా! సముద్రంలో రైతేంట్రా? ఉప్పునీళ్ళు ఎక్కువ తాగావా?"

"తమ దయ దొరా. వాడిది మంచమంత చేను. నాచు పండిస్తాడు. అక్కర్లేని మొక్క మొలిస్తే పీకి పొలిమేర అవతల పారేస్తాడు. ఎరువు కోసం చిట్టిరొయ్యల మందని పెంచుతాడు. పెళ్ళాం సంతానాన్ని వాడికి అప్పజెప్పి తన దారిన పోతే, వాళ్ళకి విసురుతూ కాపలా కాసేది కూడా వాడే."

"ఇంత పని మన మంత్రుల్లో ఒక్కడూ చెయ్యడే!" అన్నాడు రాజు. మంత్రులందరికీ ఒక్కసారే సభామంటపం పైకప్పు మీద భక్తి పుట్టుకొచ్చింది.

"ఏమాత్రం పొడుగుంటాడ్రా నీ రైతు?" అన్నాడు సేనాపతి.

"బెత్తెడండి."

"బెత్తెడా! వాడు నన్ను ఆపితే ఇనాం వద్దు సరికదా, నా మీసం కూడా వాడికే!"

"ప్రభువులు విన్నారు," అన్నాడు నూకన్న, బహు వినయంగా.

మర్నాడు పోటు తగ్గేసరికి రాజ్యమంతా పడవల్లో ఉంది. దిబ్బ మీద రొమ్ములోతు నీళ్ళు, అద్దంలా ఉన్నాయి. సేనాపతి తళతళా తోమించిన ఇత్తడి కవచం తొడుక్కుని దిగాడు. కింద గోధుమరంగు నాచు మడి. దాని మీద తిరుగుతూ అదే రంగు బెత్తెడు చేప.

"ఇదా రైతు? దీనికి నా వంటవాడు చాలు!"

ఇరవై ఏళ్ళుగా ఆ మడిని చుట్టు తిరిగి పోతున్నాడు నూకన్న. ఎందుకో అతని పిక్కల మీది పంటిగాట్లకి తెలుసు.

మొదటి చాటింపు. సేనాపతి మునిగాడు. నీళ్ళలో టకటకమని చప్పుడు. బొటనవేలు నోట్లో పెట్టుకుని తేలాడు.

"ముల్లు గుచ్చుకుంది."

"ఆ ముల్లుకి తోక ఉంది దొరా."

రెండో చాటింపు. ఈసారి తళతళలాడే కవచంలో చేపకి తన మొహమే కనిపించింది. తనంతవాడే ఇంకొకడు చేలోకి చొరబడ్డాడనుకుంది. ఇక చూస్కోండి! అది కవచాన్ని పొడిచిన పొడుపులు మూడూళ్ళవతలికి నగారాలా వినిపించాయి. దారిలో ఉంది కదా అని సేనాపతి చెవి కూడా కొరికింది.

మూడో చాటింపు. సేనాపతి ఊపిరి బిగబట్టి అడుగుదాకా వంగాడు. అప్పుడు నెయ్యి కాస్తా వదిలింది. మూరెడేసి మీసాలు విడిపోయి, నాచు మడి మధ్యలో నల్లగా ఊగసాగాయి.

చేప ఆగింది. తేరిపార చూసింది. దాని చేలో మునుపెన్నడూ మొలవని మొక్క!

ఆ తర్వాత వినిపించిన కేకకి అవతలి ఒడ్డున కొబ్బరికాయలు రాలాయి.

సేనాపతి తేలాడు. గుప్పిట ఖాళీ. ఎడమవైపు మీసం సగం లేదు. చేప ఆ వెంట్రుకల్ని నోట కరచుకుని, పొలిమేర దాకా ఈదుకెళ్ళి, సరిగ్గా రాజుగారి పడవ పక్కన ఉమ్మేసింది.

"ఏమయిందయ్యా రాయుడూ?" అన్నాడు రాజు.

సేనాపతి రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకున్నాడు. రాజు నూకన్న వైపు తిరిగాడు.

"రైతు అడ్డు చెప్పాడు ప్రభూ. దొరవారు మాట ప్రకారం మీసం ఇచ్చారు గానీ, వాడు కలుపనుకుని పారేశాడు!"

రాజు నవ్విన నవ్వుకి కిరీటం ఊడి నీళ్ళలో పడింది. నూకన్న ఒక్క మునకలో తెచ్చిచ్చాడు, మడిని చుట్టు తిరిగే వెళ్ళి. రాజు తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. దిబ్బ బెత్తెడు రైతుకే తరతరాల ఇనామని అక్కడికక్కడే చాటింపు వేయించాడు.

సాక్ష్యం కావాలా? ఆనాడు రాజుగారి పడవ నడిపిన సరంగుని అడగండి. ఆయన పోయి నాలుగు తరాలయిందంటే ఆ తప్పు నాది కాదు. పేరు రాసుకోండి: మైలపల్లి దానయ్య.